పక్క సీటు మాటే డ్రైవర్ చూపు: ర్యాలీ కారులో పేస్ నోట్స్ ఎలా రాస్తారు, ఎలా చదువుతారు

ఒక ర్యాలీ కారు మట్టి రోడ్డు మీద గంటకు 144 కిలోమీటర్ల వేగంతో వెళ్తోంది అనుకోండి. ఎదురుగా చిన్న ఎత్తు ఉంది. దాని అవతల రోడ్డు ఎడమకు తిరుగుతుందో, కుడికి తిరుగుతుందో, నేరుగా పోతుందో డ్రైవర్‌కు కనబడదు. అయినా అతను బ్రేకు మీద కాలు వేయడు. పక్క సీటులో ఉన్న మనిషి ఒళ్లో పుస్తకం పెట్టుకుని అప్పటికే ఒక మాట చెప్పేశాడు. ఆ మాట మీద భరోసాతోనే కారు ఎత్తు దాటుతుంది. మాట తప్పయితే దెబ్బ ఒక్కరికే తగలదు, ఇద్దరికీ తగులుతుంది.

ఆ పుస్తకంలో రాసుకున్నవాటినే పేస్ నోట్స్ అంటారు. వాటిని చదివే మనిషిని కో-డ్రైవర్ అంటారు. మన దేశంలో నావిగేటర్ అనే పిలుపు కూడా ఉంది. టీవీలోనో ఫోన్‌లోనో ర్యాలీ వీడియో చూసే పిల్లలు "ఆయన అంత గబగబా ఏం చదువుతున్నాడు?" అని అడుగుతుంటారు. దానికి జవాబే ఈ వ్యాసం.

సర్క్యూట్ రేసుకూ ర్యాలీకీ తేడా

సర్క్యూట్ రేసులో అందరూ ఒకే ట్రాక్ మీద పదే పదే తిరుగుతారు. పది రౌండ్లు తిరిగేసరికి ప్రతి మలుపూ డ్రైవర్‌కు నోటికి వచ్చేస్తుంది. ర్యాలీలో అలా కుదరదు. అడవి దారులు, కొండ రోడ్లు, పల్లె బాటలు వంటి వాటిని కొద్ది గంటల పాటు మామూలు రాకపోకలకు మూసేసి పోటీ నడుపుతారు. ఇలా మూసిన ఒక్కో ముక్కను స్పెషల్ స్టేజీ అంటారు. కార్లు ఒకదాని వెనుక ఒకటి కొంత ఎడంతో బయలుదేరతాయి. ఎవరు తక్కువ సమయంలో పూర్తి చేశారన్నదే లెక్క. అన్ని స్టేజీల సమయాలు కలిపితే మొత్తం ఫలితం వస్తుంది.

ఒక స్టేజీకీ ఇంకో స్టేజీకీ మధ్య మామూలు రోడ్డు మీద ప్రయాణం ఉంటుంది. అక్కడ ర్యాలీ కారుకు కూడా అందరికీ ఉండే ట్రాఫిక్ నియమాలే వర్తిస్తాయి. వేగ పరిమితి దాటితే జరిమానా తప్పదు.

ఒక లెక్క చూస్తే కో-డ్రైవర్ పని ఎంతటిదో తెలుస్తుంది. 20 కిలోమీటర్ల స్టేజీలో ప్రతి 100 మీటర్లకు ఒక మలుపు ఉందనుకుంటే మొత్తం 200 మలుపులు. సగటు వేగం గంటకు 90 కిలోమీటర్లు అయితే స్టేజీ పూర్తవడానికి 13 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. అంటే ప్రతి 4 సెకన్లకు ఒక కొత్త మలుపు. ఇన్ని మలుపులు బుర్రలో పెట్టుకోవడం ఎవరి వల్లా కాదు. అందుకే కాగితం, అందుకే ఇంకో మనిషి.

ఐదు మీటర్ల కాగితపు చుట్ట

దారి వివరాలు రాసుకుని చదివే పద్ధతికి బాగా పేరు తెచ్చిన సంఘటన 1955 మే 1న ఇటలీలో జరిగింది. మిల్లె మిలియా అనే పోటీ బ్రెషియా నుంచి రోమ్ దాకా వెళ్లి మళ్లీ బ్రెషియాకు వచ్చేది. దూరం సుమారు 1600 కిలోమీటర్లు. బ్రిటన్ డ్రైవర్ స్టిర్లింగ్ మాస్ మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్‌ఎల్‌ఆర్ నడిపాడు. పక్క సీటులో డెనిస్ జెంకిన్సన్ అనే పత్రికా రచయిత కూర్చున్నాడు. కారు నంబరు 722. ఉదయం 7 గంటల 22 నిమిషాలకు బయలుదేరింది కాబట్టి ఆ నంబరు ఇచ్చారు.

పోటీకి ముందు ఇద్దరూ అదే దారిలో పలుమార్లు తిరిగారు. ప్రమాదకరమైన మలుపులు, కనబడని ఎత్తులు, రైల్వే గేట్లు అన్నీ జెంకిన్సన్ రాసుకున్నాడు. ఆ రాతనంతా సుమారు 5 మీటర్ల పొడవున్న కాగితపు చుట్టగా చేసి, చిన్న కిటికీ ఉన్న పెట్టెలో బిగించాడు. ఒక వైపు తిప్పుతుంటే కాగితం ముందుకు జరిగేది. రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లు చూసి తాము ఎక్కడున్నామో సరిచూసుకునేవాడు.

పైకప్పు లేని కారు, చెవులు పగిలే ఇంజిన్ మోత. నోటితో చెబితే వినబడదు. అందుకని చేతి సైగలు తయారు చేసుకున్నారు. ఎత్తు అవతల రోడ్డు నేరుగా ఉందని జెంకిన్సన్ చెయ్యి ఊపితే, మాస్ దాదాపు 270 కిలోమీటర్ల వేగంతో కూడా కాలు తీయకుండా దాటించాడు. 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో వారు గెలిచారు. సగటు వేగం గంటకు 157 కిలోమీటర్లకు పైనే. అంతవరకూ ఆ దారి పుట్టినప్పటి నుంచీ తెలిసిన ఇటలీ డ్రైవర్లకే అక్కడ పైచేయి అనుకునేవారు. రాత వచ్చాక ఊరివాడి అనుభవానికి కాగితం సమానమైంది.

ఆ తర్వాతి సంవత్సరాల్లో ఐరోపా ర్యాలీలన్నిటికీ ఈ పద్ధతి పాకింది. అయితే అందరూ ఒకేసారి ఒప్పుకోలేదు. బ్రిటన్‌లోని ఆర్‌ఏసీ ర్యాలీలో 1990 దాకా ముందుగా స్టేజీ చూసి నోట్స్ రాసుకోవడానికి అనుమతి లేదు. చూడని అడవి దారిలో కళ్లను నమ్ముకునే నడిపేవారు.

నోట్స్‌లో ఏం రాస్తారు

ప్రతి నోట్‌లో సాధారణంగా నాలుగు సంగతులు ఉంటాయి. మలుపు ఏ వైపు? ఎంత గట్టిది? తర్వాతి మలుపు ఎంత దూరం? ప్రత్యేకంగా జాగ్రత్త పడాల్సింది ఏమైనా ఉందా?

మలుపు గట్టితనానికి ఎక్కువ మంది అంకెలు వాడతారు. బాగా వాడుకలో ఉన్న పద్ధతిలో 1 అంటే చాలా గట్టి మలుపు, 6 అంటే దాదాపు వేగం తగ్గించనక్కరలేని మెత్తని మలుపు. శ్రీశైలం ఘాట్ రోడ్డులో బస్సు మొత్తం వెనక్కి తిరిగినట్టు అనిపించే మలుపుల లాంటివి 1 కన్నా గట్టివి. వాటికి హెయిర్‌పిన్ అనే విడి పేరు ఉంది. కొందరు ఇదే వరుసను తిరగేసి 1ని వేగమైన మలుపుగా పెట్టుకుంటారు. ఇంకొందరు మలుపు ఎన్ని డిగ్రీలు తిరుగుతుందో రాసుకుంటారు. మరికొందరు అంకెలు లేకుండా నెమ్మది, మధ్యస్థం, వేగం అనే మాటలతోనే నడిపిస్తారు. ఏ పద్ధతి గొప్పదన్న వాదన అనవసరం. డ్రైవర్‌కు, కో-డ్రైవర్‌కు ఒకే అర్థం వచ్చేదే మంచి పద్ధతి.

దూరాన్ని మీటర్లలో రాస్తారు. రెండు మలుపుల మధ్య ఖాళీ లేకపోతే అంకె ఉండదు, రెండిటినీ కలిపే ఒక చిన్న మాట ఉంటుంది. వీటికి తోడు కొన్ని హెచ్చరిక మాటలు:

బిగుస్తుంది: మలుపు మొదట్లో మెత్తగా ఉండి పోనుపోను గట్టిపడుతుంది. కొత్త డ్రైవర్లను ఎక్కువగా మోసం చేసేది ఇదే.

తెరుచుకుంటుంది: మొదట గట్టిగా ఉండి తర్వాత వదులవుతుంది. ముందుగానే యాక్సిలరేటర్ తొక్కవచ్చు.

పొడవు: మలుపు చాలాసేపు సాగుతుంది. తొందరపడి స్టీరింగ్ తిప్పేయకూడదు.

ఎత్తు: అవతల కనబడదు. కారు తేలికపడుతుంది, టైర్ల పట్టు తగ్గుతుంది.

కట్: మలుపు లోపలి అంచు మీదుగా చక్రం వేయవచ్చు.

కట్ వద్దు: లోపలి అంచులో రాయో, గుంటో, మొద్దో ఉంది.

జాగ్రత్త: పుస్తకంలో ఆశ్చర్యార్థక గుర్తుతో రాస్తారు. ఒకటి, రెండు, మూడు గుర్తులు పెట్టి ప్రమాదం ఎంతో చెబుతారు. మూడు గుర్తులున్న చోట డ్రైవర్ తప్పకుండా కాలు తీయాల్సిందే.

ఒక ఉదాహరణ తీసుకోండి. "5 ఎడమ, ఎత్తు మీద, 80, 3 కుడి బిగుస్తుంది, కట్ వద్దు." అంటే ముందు వేగంగా తీసుకోగల ఎడమ మలుపు ఉంది, అది ఎత్తు మీద వస్తుంది కాబట్టి అవతల ఏముందో కనబడదు. అక్కడి నుంచి 80 మీటర్లకు మధ్యరకం కుడి మలుపు, అది చివర్లో గట్టిపడుతుంది, లోపలి అంచు మీదికి వెళ్లొద్దు. చెప్పడానికి నాలుగు సెకన్లు పట్టే ఈ ముక్కలో డ్రైవర్‌కు కావలసినదంతా ఉంది. అనవసరమైన మాట ఒక్కటీ లేదు.

రెక్కీ: రాసే రోజు

పోటీకి ముందు నిర్వాహకులు స్టేజీలను చూసుకోవడానికి సమయం ఇస్తారు. దీన్ని రెక్కీ అంటారు. ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో సాధారణంగా ఒక్కో స్టేజీని రెండుసార్లు మాత్రమే చూడనిస్తారు, అదీ వేగ పరిమితిలో. మొదటిసారి వెళ్తున్నప్పుడు డ్రైవర్ మలుపు చూసి చెబుతాడు, కో-డ్రైవర్ రాస్తాడు. రెండోసారి కో-డ్రైవర్ చదువుతాడు, డ్రైవర్ విని సరిదిద్దుతాడు. సాయంత్రం గదిలో కూర్చుని వీడియో చూస్తూ మళ్లీ ఒకసారి సరిచూసుకుంటారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. రెక్కీలో కారు నెమ్మదిగా వెళ్తుంది. నెమ్మదిగా వెళ్లేటప్పుడు ప్రతి మలుపూ సులువుగానే కనబడుతుంది. అదే మలుపు పోటీ వేగంలో ఎలా ఉంటుందో ఊహించి అంకె వేయాలి. కొత్తవాళ్లు ఈ ఊహలోనే తప్పుతారు. 4 రాయాల్సిన చోట 5 రాస్తారు. పోటీ రోజు ఆ ఒక్క అంకె తేడా కారును రోడ్డు దాటిస్తుంది.

ఇంకో సంగతి, అంకెలో నిలకడ. ఉదయం తాజాగా ఉన్నప్పుడు 4 అన్న మలుపును, మధ్యాహ్నం అలసిపోయినప్పుడు కూడా 4 అనే అనాలి. అనుభవం ఉన్నవాళ్లు స్టీరింగ్ ఎంత తిరిగిందో దాన్ని బట్టి అంకె వేస్తారు. కొందరు స్టీరింగ్ చక్రం మీద టేపు ముక్క అంటించుకుని అది ఎక్కడిదాకా వచ్చిందో చూస్తారు. మనసులో అనిపించినదానికన్నా చేతికి తెలిసినది ఎక్కువ నమ్మదగినది.

రాయడానికి చుట్టల బైండింగ్ ఉన్న పుస్తకం వాడతారు, పేజీ పూర్తిగా వెనక్కి మడవడానికి వీలుగా. పెన్ను కన్నా పెన్సిల్ మేలు, దిద్దుకోవచ్చు, తడిసినా చెదరదు. పేజీ చివరి మలుపు తర్వాత ఏముందో తెలిసేలా, చాలామంది తర్వాతి పేజీ మొదటి నోట్‌ను ఈ పేజీ అడుగున కూడా చిన్నగా రాసుకుంటారు. పేజీ తిప్పే అర సెకను కూడా ఖాళీ పోకూడదు.

తారు రోడ్డు ర్యాలీల్లో, ముఖ్యంగా మంచు పడే మాంటె కార్లో లాంటి చోట, స్టేజీ మొదలవడానికి ముందు ఇంకో జట్టు ఆ దారిలో వెళ్లి ఎక్కడ మంచు గడ్డకట్టింది, ఎక్కడ బురద పడింది అని రాసుకొస్తుంది. ఆ గుర్తులను ఉదయాన్నే నోట్స్‌లోకి ఎక్కిస్తారు. రోడ్డు నిన్నటిలా ఈ రోజు ఉండదన్నది ర్యాలీలో మొదటి పాఠం.

చదవడం: మాట ఎప్పుడు పడాలి

రాత బాగున్నా, చదివే సమయం తప్పితే అంతా వృథా. గంటకు 144 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 40 మీటర్లు. కో-డ్రైవర్ ఒక నోట్ చెప్పడానికి 2 సెకన్లు తీసుకుంటే ఆలోపు కారు 80 మీటర్లు వెళ్లిపోతుంది. అందుకే మలుపు కనబడ్డాక చెప్పడం పనికిరాదు. డ్రైవర్ ఒక మలుపులో ఉన్నప్పుడే తర్వాతి మలుపు మాట చెవిలో పడాలి. వేగమైన చోట రెండు మలుపులు ముందు ఉండాలి.

మరీ ముందుగా చెప్పినా తిప్పలే. మూడు నాలుగు మలుపులు ఒకేసారి చెబితే డ్రైవర్ మొదటిది మరిచిపోతాడు. ఎంత ముందు చెప్పాలన్నది ఒక్కో డ్రైవర్‌కు ఒక్కోలా ఉంటుంది. అది కలిసి చాలా కిలోమీటర్లు తిరిగితేనే కుదురుతుంది. వరుసగా 9 ప్రపంచ టైటిళ్లు, 2004 నుంచి 2012 దాకా, గెలిచిన సెబాస్టియన్ లోబ్ పక్కన ఆ తొమ్మిదిసార్లూ డానియెల్ ఎలెనాయే ఉన్నాడు. సెబాస్టియన్ ఓజియె గెలిచిన మొదటి 8 టైటిళ్లలో జూలియన్ ఇంగ్రాసియా తోడున్నాడు. పెద్ద విజయాల వెనుక ఇలాంటి పాత జోడీలు ఉండటం ఊరికే జరిగింది కాదు.

కో-డ్రైవర్ కళ్లు ఎక్కువసేపు కాగితం మీదే ఉంటాయి. మరి కారు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? ఒళ్లు చెబుతుంది. కారు ఎడమకు వాలితే, బ్రేకు పడితే, ఎత్తు మీద కడుపులో తేలినట్టయితే ఏ నోట్ పూర్తయిందో సీటులోంచే పసిగడతాడు. మధ్యమధ్యలో ఒక్క క్షణం తల ఎత్తి చూస్తాడు. వేలు మాత్రం లైను మీదే ఉంటుంది.

గొంతు కూడా పనిముట్టే. అరిస్తే డ్రైవర్ కంగారు పడతాడు. గొణిగితే వినబడదు. మంచి కో-డ్రైవర్ గొంతు ఒకే తీరుగా, లయగా సాగుతుంది. ప్రమాదం ఉన్న చోట మాత్రం కొంచెం గట్టిపడుతుంది. ఆ చిన్న తేడాతోనే డ్రైవర్ హుషారవుతాడు.

ఇంటర్‌కమ్ లేకుండా అడుగు పడదు

ర్యాలీ కారు లోపల పక్కవాడి మాట వినబడదు. గేర్‌బాక్స్ కూత, ఇంజిన్ మోత, అడుగున తగిలే కంకర చప్పుడు అన్నీ కలిసి పెద్ద రొద. అందుకే ఇద్దరి హెల్మెట్లలో మైకు, చెవి స్పీకర్లు ఉంటాయి. మధ్యలో చిన్న ఆంప్లిఫయర్ డబ్బా. వైర్లు హెల్మెట్ నుంచి దానికి తగిలిస్తారు. ఇద్దరికీ శబ్దం ఎంత కావాలో విడివిడిగా సర్దుకోవచ్చు.

స్టేజీ మొదలయ్యే ముందు చేసే పరీక్ష చిన్నదే, మరిచిపోకూడనిది. ఇద్దరూ హెల్మెట్ బిగించాక ఒక్కొక్కరు ఒక నోట్ చదివి వినిపిస్తారు. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు కాదు, నడుస్తున్నప్పుడు. మైకు పెదవులకు దగ్గరగా ఉండాలి. వైరు డ్రైవర్ చేతికో, గేరు రాడ్‌కో అడ్డం రాకూడదు. బ్యాటరీ కొత్తది ఉండాలి.

మధ్యలో ఇంటర్‌కమ్ ఆగిపోతే ఏం చేయాలో ముందే మాట్లాడుకోవాలి. చాలామంది ఏర్పాటు ఒకటే: చేతి సైగలు. అరచేయి ఎడమకు, కుడికి, వేళ్లతో అంకె. అంటే 1955లో మాస్, జెంకిన్సన్ వాడిన పద్ధతే. వేగం మాత్రం తగ్గించుకోవాలి.

ఏ భాషలో చదవాలి

ఫిన్‌లాండ్ జోడీలు ఫిన్నిష్‌లో చదువుకుంటాయి. ఫ్రాన్స్ జోడీలు ఫ్రెంచ్‌లో. ఎస్తోనియాకు చెందిన ఓట్ టనాక్, మార్టిన్ యార్వెయోయా 2019లో ప్రపంచ టైటిల్ గెలిచారు, వారి నోట్స్ ఎస్తోనియన్‌లోనే సాగేవి. మన దేశంలో ఎక్కువగా ఇంగ్లీషు మాటలే వినిపిస్తాయి. కానీ ఇంగ్లీషే ఉండాలన్న నియమం ఏమీ లేదు. ఆలోచించకుండా అర్థమయ్యే భాషే సరైనది.

ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు మాట్లాడే కుటుంబాల పిల్లలకు ఇక్కడ ఒక సంగతి ఆసక్తిగా ఉంటుంది. ఉర్దూలో కుడికి దాయేఁ, ఎడమకు బాయేఁ. రొదలో ఈ రెండూ ఒకేలా వినబడతాయి, మొదటి అక్షరం ఒక్కటే తేడా. దక్కనీలో కుడి చేతిని సీధా హాత్ అంటారు. కానీ సీధా అంటే నేరుగా అని కూడా అర్థం. "సీధా" అని వినగానే కుడికి తిప్పాలా, నేరుగా పోవాలా? ఇంట్లో అయితే నవ్వుకుని వదిలేస్తారు. సెకనుకు 40 మీటర్లు పోయే కారులో అది ప్రాణాల మీదికి వస్తుంది.

తెలుగులో కుడి, ఎడమ అనే మాటలు ఈ పరీక్షలో నెగ్గుతాయి. ఒకటి రెండు అక్షరాలు, ఇంకొకటి మూడు అక్షరాలు, శబ్దంలో పోలిక లేదు. ఇంగ్లీషులో లెఫ్ట్, రైట్ కూడా విడిగానే వినబడతాయి, కానీ ఒక మెలిక ఉంది. "సరే" అనే అర్థంలో రైట్ అనడం అలవాటైన మనిషి కారులో ఆ మాట నోట రానివ్వకూడదు. సరే అనడానికి ఓకే, అవును లాంటి వేరే మాట పెట్టుకోవాలి.

నియమం చిన్నదే. ఒక మాటకు ఒకే అర్థం. ఒక అర్థానికి ఒకే మాట. రెండు మాటలు చెవికి ఒకేలా ఉంటే ఒకదాన్ని మార్చాలి.

తప్పు జరిగినప్పుడు

ఎంత అనుభవం ఉన్నా ఎప్పుడో ఒకసారి పేజీ రెండు ఒకేసారి తిరుగుతాయి. లైను తప్పుతుంది. అప్పుడు చేయకూడని పని ఊహించి చెప్పడం. తెలియనప్పుడు తెలియదని వెంటనే చెప్పాలి. దానికోసం ముందే ఒక మాట అనుకుంటారు. ఆ మాట వినగానే డ్రైవర్ కాలు తీసి, కంటికి కనబడినంత వేగంతో నడుపుతాడు. కో-డ్రైవర్ రోడ్డు చూసి ఒక గుర్తు వెతుకుతాడు, హెయిర్‌పినో, జంక్షనో, వంతెనో. అది పుస్తకంలో దొరకగానే మళ్లీ మొదలు.

డ్రైవర్‌కు వినబడకపోతే "మళ్లీ" అనాలి, సిగ్గుపడకూడదు. వినబడినట్టు నటించడం కన్నా పెద్ద పొరపాటు ఇంకొకటి లేదు.

స్టేజీ మధ్యలో వాదన పెట్టుకోరు. ఎవరిది తప్పు అన్నది కారు ఆగాక, హెల్మెట్ తీశాక మాట్లాడుకునే విషయం. ఆ మాట కూడా ఆ నోట్‌ను దిద్దడానికే. దెప్పిపొడుచుకోవడానికి మొదలుపెడితే తర్వాతి స్టేజీలో కో-డ్రైవర్ గొంతు తడబడుతుంది.

కో-డ్రైవర్‌కు ఉన్న ఇంకో పని గడియారం. ప్రతి కంట్రోల్ దగ్గరకూ చెప్పిన నిమిషానికే చేరాలి. అంతర్జాతీయ నియమాల ప్రకారం ఒక నిమిషం ఆలస్యానికి 10 సెకన్లు, ఒక నిమిషం ముందు వస్తే ఏకంగా 60 సెకన్లు జరిమానా పడుతుంది. స్టేజీలో ప్రాణం పెట్టి సంపాదించిన సెకన్లు టైమ్ కార్డు దగ్గర పోగొట్టుకున్న జట్లు చాలా ఉన్నాయి.

ఎడారిలో వేరే లెక్క

గల్ఫ్‌లో ఉండే తెలుగువారికి ర్యాలీ అనగానే గుర్తొచ్చేది ఎడారి పోటీ. డకార్ ర్యాలీ 2020 నుంచి సౌదీ అరేబియాలో జరుగుతోంది. అక్కడ ముందుగా దారి చూడనివ్వరు, కాబట్టి పేస్ నోట్స్ ఉండవు. నిర్వాహకులే రోడ్‌బుక్ ఇస్తారు. అందులో దూరాలు, చిన్న చిన్న బొమ్మలు, దిక్సూచి డిగ్రీలు, ప్రమాద గుర్తులు ఉంటాయి. ఇసుక దిబ్బల మధ్య దారి వెతికే బాధ్యత కో-డ్రైవర్‌దే. చిన్న తప్పుకు అరగంట పోవడం మామూలే.

ఖతర్‌కు చెందిన నాసర్ అల్ అతియా 2011, 2015, 2019, 2022, 2023 సంవత్సరాల్లో డకార్ గెలిచాడు. మొదటిసారి జర్మనీకి చెందిన టిమో గాట్‌షాక్, తర్వాత నాలుగుసార్లు ఫ్రాన్స్‌కు చెందిన మాథ్యూ బోమెల్ పక్క సీటులో ఉన్నారు. నాసర్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో షూటింగ్‌లో కాంస్యం కూడా సాధించాడు. దుబాయ్‌కి చెందిన మొహమ్మద్ బిన్ సులాయెమ్ మధ్యప్రాచ్య ర్యాలీ చాంపియన్‌షిప్‌ను 14 సార్లు గెలిచి, 2021 డిసెంబరులో ప్రపంచ మోటార్ క్రీడల సంస్థ ఎఫ్‌ఐఏకు అధ్యక్షుడయ్యాడు.

ఈ ఆటలో ఆడపిల్లలకు చోటు లేదనుకుంటే పొరపాటే. 1981లో ఇటలీలోని శాన్‌రెమో ర్యాలీని ఫ్రాన్స్‌కు చెందిన మిషెల్ మూటన్ గెలిచింది. నోట్స్ చదివింది ఇటలీకి చెందిన ఫాబ్రిజియా పోన్స్. ప్రపంచ చాంపియన్‌షిప్ ర్యాలీని ఒక మహిళ గెలవడం అదే మొదటిసారి.

మన దేశంలో కో-డ్రైవర్‌గా పేరు తెచ్చుకున్నవారిలో కేరళలోని కాసరగోడ్ ప్రాంతానికి చెందిన మూసా షరీఫ్ ఒకరు. 2019లో అర్జున అవార్డు పొందిన డ్రైవర్ గౌరవ్ గిల్‌తో కలిసి జాతీయ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో విజయాలు సాధించాడు. డ్రైవర్ సీటు ఒక్కటే పేరు తెస్తుందని అనుకునే కుర్రాళ్లు ఇలాంటివారి గురించి తెలుసుకోవాలి.

ప్రమాదం సంగతి దాచకూడదు

ఈ ఆటలో ప్రాణాలు పోయాయి. 1986లో ఫ్రాన్స్‌లోని కోర్సికా ర్యాలీలో హెన్రి టొయ్‌వొనెన్, అతని కో-డ్రైవర్ సెర్జియో క్రెస్టో ఇద్దరూ చనిపోయారు. 2005లో బ్రిటన్‌లో కారు చెట్టును గుద్దుకున్నప్పుడు కో-డ్రైవర్ మైకెల్ పార్క్ మరణించాడు. స్టీరింగ్ చేతిలో లేకపోయినా ప్రమాదంలో వాటా పక్క సీటుకూ సమానమే.

అందుకే ప్రమాదం జరిగాక ఏం చేయాలన్నది కూడా నోట్స్ అంత కచ్చితంగా నేర్పుతారు. కారు ఆగిపోతే వెనుక వచ్చేవారికి కనబడేలా ఎర్ర త్రికోణం పెట్టాలి. ఎవరికీ దెబ్బ తగలకపోతే ఓకే అని రాసిన బోర్డు చూపించాలి. వైద్య సహాయం కావాలంటే ఎర్ర ఎస్‌ఓఎస్ బోర్డు చూపించాలి. ఆ బోర్డు చూసిన తర్వాతి కారు, గెలుపు దగ్గర్లో ఉన్నా సరే, ఆగి సాయం చేయాలి. ఆగకపోతే శిక్ష ఉంటుంది. పోటీదారుడి ప్రాణం పోటీకన్నా ముందు అన్నది ఈ ఆటలో రాసి పెట్టిన నియమం.

నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలు

ముందుగా ఒక మాట. మూయని రోడ్డు మీద, అది ఔటర్ రింగ్ రోడ్డయినా ఊరి బాటయినా, పోటీ వేగంతో సాధన చేయడం ర్యాలీ కాదు, నేరం. ఎదురుగా వచ్చే ఆటోకూ, రోడ్డు దాటే పిల్లవాడికీ మీ నోట్స్‌లో చోటు ఉండదు.

మన దేశంలో మోటార్ క్రీడలను ఎఫ్‌ఎంఎస్‌సీఐ అనే సమాఖ్య నడిపిస్తుంది. పోటీలో దిగాలంటే దాని లైసెన్సు కావాలి, కో-డ్రైవర్‌కు కూడా. అంతకంటే ముందు కొత్తవాళ్లకు మంచి బడి టీఎస్‌డీ ర్యాలీ. ఇందులో వేగంతో పనిలేదు. మామూలు కారులో, ట్రాఫిక్ నియమాల్లోనే, నిర్వాహకులు చెప్పిన సగటు వేగంతో వెళ్లాలి. ఎక్కడో తెలియని చోట్ల సమయం చూస్తారు. ముందు వచ్చినా, వెనుక వచ్చినా పాయింట్లు పోతాయి. రోడ్‌బుక్ చదవడం, లెక్క కట్టడం, స్పష్టంగా చెప్పడం అన్నీ ఇక్కడే అలవాటవుతాయి. తండ్రీ కొడుకులు, అన్నా చెల్లెళ్లు, భార్యాభర్తలు కలిసి దిగవచ్చు.

ఇంట్లో చేసుకునే సాధన కూడా ఉంది. ఒక ర్యాలీ వీడియోను శబ్దం ఆపి పెట్టాలి. ఆపుతూ నడుపుతూ ప్రతి మలుపుకూ సొంతంగా అంకె వేసి రాయాలి. తర్వాత మొదటి నుంచి ఆపకుండా పెట్టి, రాసింది పైకి చదవాలి. మొదటిసారి పది మలుపులకే వెనకబడిపోతారు. రాసిన మాటలు ఎక్కువయ్యాయని అప్పుడే తెలుస్తుంది. సగం కొట్టేసి మళ్లీ చదవాలి. వారం పది రోజులు ఇలా చేస్తే ఏ మాట అవసరమో, ఏది బరువో చెవికే తెలిసిపోతుంది.

కారులో చదివితే తల తిరిగి వాంతి వచ్చేవారు ముందుగా ఇది పరీక్షించుకోవాలి. పక్క సీటులో కూర్చుని, ఇంటి కారు మామూలు వేగంతో వెళ్తున్నప్పుడు పావుగంట పుస్తకం చదివి చూడాలి. కొందరికి అలవాటుతో తగ్గుతుంది, కొందరికి తగ్గదు. తగ్గనివారు డ్రైవింగ్ వైపో, మెకానిక్ పని వైపో చూసుకోవడం మంచిది.

జోడీ ఎంచుకునేటప్పుడు మంచి స్నేహితుడా అన్నది ఒక్కటే చూడకూడదు. తప్పు చేస్తే తప్పు చేశానని వెంటనే చెప్పగలడా, చెప్పింది చెప్పినట్టు వినగలడా అన్నది చూడాలి. ఆ రెండు గుణాలు ఉన్న మనిషి పక్కన ఉంటే, ఎత్తు అవతల ఏముందో కనబడకపోయినా డ్రైవర్‌కు తెలుస్తుంది.